రీకౌంటింగ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఉన్న పద్ధతులన్నీ పోల్చి చూద్దాం

2024 జూన్‌లో ఫలితాలు వచ్చాక ఒంగోలు అసెంబ్లీ స్థానంలో ఓడిపోయిన వైఎస్సార్‌సీపీ అభ్యర్థి బాలినేని శ్రీనివాసరెడ్డి, 12 పోలింగ్ కేంద్రాల్లో వాడిన ఈవీఎంలను పరీక్షించాలని దరఖాస్తు పెట్టుకున్నారు. దానికి ఆయన కట్టింది 5,66,400 రూపాయలు. ఒక్కో ఈవీఎం సెట్టుకు 40,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 47,200 అని ఎన్నికల కమిషన్ అప్పట్లో రేటు పెట్టింది. ఎమ్మెల్యేగా నామినేషన్ వేసేటప్పుడు కట్టే డిపాజిట్ 10,000, ఎంపీకి 25,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. అంటే ఎన్నికల్లో నిలబడటానికి కట్టేదానికంటే, ఎన్నిక అయిపోయాక ఒక్క సెట్టు మీద అనుమానం తీర్చుకోవడానికి కట్టేదే ఎక్కువ.

బాలినేని ఒక్కరే కాదు. అదే ఎన్నికల్లో జహీరాబాద్ లోక్‌సభ స్థానం నుంచి బీజేపీ తరఫున ఓడిపోయిన బీబీ పాటిల్ 20 పోలింగ్ కేంద్రాల మిషన్లు చూడమన్నారు, ఆ రేటున అది 9,44,000 అవుతుంది. విజయనగరం లోక్‌సభ, గజపతినగరం అసెంబ్లీ నుంచి కూడా దరఖాస్తులు వెళ్లాయి. ఐదేళ్లు వెనక్కి వెళితే వీవీప్యాట్ స్లిప్పులు (ఓటు వేయగానే అది ఎవరికి పడిందో ముద్రించే కాగితాలు) ఎక్కువ లెక్కపెట్టాలని సుప్రీంకోర్టుకు వెళ్లింది చంద్రబాబు నాయుడు. ఓడినవాళ్లకో, ఓడిపోతామన్న భయం ఉన్నవాళ్లకో లెక్క మీద అనుమానం వస్తుంది, గెలిచినవాళ్లకు రాదు, ఇది అన్ని పార్టీలకూ ఒకటే. అందుకే ఈ విషయం ఆలోచించేటప్పుడు మన పార్టీ ఏ వైపు ఉందో కాసేపు పక్కన పెట్టి చదవండి, రేపు ఏ వైపు ఉంటామో ఎవరికీ తెలియదు కాబట్టి.

ముందు ఒక తికమక తీరాలి

జనం అన్నిటినీ కలిపి రీకౌంటింగ్ అనేస్తారు కానీ మన దగ్గర ఉన్నవి నాలుగు వేరు వేరు దారులు, ఒక్కోదానికి ఖర్చు ఒక్కోలా ఉంటుంది.

మొదటిది అసలు రీకౌంటింగ్. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 63వ నియమం. లెక్కింపు పూర్తయి, ఎవరికి ఎన్ని ఓట్లో రిటర్నింగ్ అధికారి (ఆర్వో) ప్రకటించాక, అభ్యర్థిగానీ ఆయన ఏజెంటుగానీ కారణాలు రాసి మళ్లీ లెక్కపెట్టమని అడగొచ్చు. ఫీజు లేదు. ఆర్వో మొత్తం ఒప్పుకోవచ్చు, కొంత ఒప్పుకోవచ్చు, అర్థం లేని కోరిక అనిపిస్తే తోసిపుచ్చొచ్చు, ఏం చేసినా కారణాలతో రాసి ఇవ్వాలి. రెండోది వీవీప్యాట్ స్లిప్పులు లెక్కపెట్టమని అడగడం, అది 56డి నియమం, దానికీ ఫీజు లేదు. స్లిప్పుల లెక్కకూ మిషన్ లెక్కకూ తేడా వస్తే స్లిప్పుల లెక్కే చెల్లుతుంది. మూడోది పైన చెప్పుకున్న ఈవీఎం తనిఖీ, డబ్బు కట్టాల్సింది దీనికే. నాలుగోది హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్, దానికి సెక్యూరిటీ డిపాజిట్ చట్టంలో 2,000 రూపాయలే గానీ వకీళ్ల ఖర్చు ఎంతవుతుందో మీకు తెలుసు.

ఇందులో మూడోదాని గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. 2024 ఏప్రిల్ 26న జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ఇచ్చిన తీర్పు ప్రకారం రెండో స్థానంలో, మూడో స్థానంలో వచ్చిన అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లోపు అడిగితే, ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటులో 5 శాతం ఈవీఎంలలో చిప్పును, దాని మెమరీని తయారీ కంపెనీ ఇంజనీర్లు పరీక్షిస్తారు. ఆ ఖర్చు అడిగినవాళ్లే భరించాలి, మిషన్‌ను ఎవరైనా తారుమారు చేసినట్టు తేలితే తిరిగి ఇస్తారు. గమనించండి, ఇందులో ఓట్లు మళ్లీ లెక్కపెట్టడం లేదు. మిషన్ సరిగ్గా ఉందా లేదా అన్నదే చూస్తారు. కమిషన్ మొదట దీన్ని మాక్ పోల్ రూపంలో, అంటే మిషన్‌లో ఉత్తుత్తి ఓట్లు వేసి లెక్క సరిపోతుందో చూసే పద్ధతిలో పెట్టింది, ఒంగోలులో బాలినేని అభ్యంతరం కూడా అదే, నాకు కావాల్సింది మాక్ పోల్ కాదు, ఆ రోజు పడిన స్లిప్పుల లెక్క అని ఆయన హైకోర్టుకు వెళ్లారు. ఐదున్నర లక్షలు కట్టిన మనిషికి కావాల్సింది ఒకటి, దొరికింది ఇంకొకటి. ఖర్చు ఎవరు పెట్టాలి అనే ముందు, ఆ ఖర్చుకు ఏం వస్తుంది అని అడగాలనేది ఇందుకే.

అడిగినవాడే కట్టాలి అంటే

ఈ వాదనలో బలం ఉంది, కొట్టిపారేయలేం. ఫీజు లేకపోతే 50,000 ఓట్ల తేడాతో ఓడినవాళ్లు కూడా మళ్లీ లెక్కపెట్టమంటారు, సిబ్బంది రాత్రంతా కూర్చోవాలి, గెలిచినవాడి మీద ఊరికే మచ్చ పడుతుంది. 2016లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో దాదాపు ఒక్క శాతం ఓట్లు వచ్చిన గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్ రీకౌంటింగ్ అడిగారు. ఖర్చు ముందే కట్టాలన్నారు, అంచనా సుమారు 35 లక్షల డాలర్లు, ఆమె విరాళాలు పోగుచేసి కట్టారు. రాష్ట్రం మొత్తం మళ్లీ లెక్కపెడితే ట్రంప్ ఆధిక్యం 131 ఓట్లు పెరిగింది. ఆ డబ్బు పన్ను కట్టేవాళ్ల నుంచి తీసి ఉంటే జనం తప్పకుండా ఎదురుతిరిగేవాళ్లు. ఆ తర్వాత అక్కడ చట్టం మార్చి, గెలిచినవాడికి ఒక్క శాతం లోపు దూరంలో ఉన్నవాళ్లే అడగాలని పెట్టారు.

అయితే అదే రాష్ట్రంలో నాలుగేళ్ల తర్వాత జరిగింది చూడండి. 2020లో ట్రంప్ 30 లక్షల డాలర్లు కట్టి రీకౌంటింగ్ అడిగారు, రాష్ట్రమంతా కాదు, డెమొక్రాట్లకు బాగా ఓట్లు పడే మిల్వాకీ, డేన్ అనే రెండు కౌంటీల్లో మాత్రమే. బైడెన్‌కు నికరంగా 87 ఓట్లు పెరిగాయి. ఫలితం ఏమైనా, డబ్బు కట్టేవాడికి ఎక్కడ లెక్కపెట్టాలో ఎంచుకునే హక్కు కూడా వచ్చేస్తుందన్నదే నాకు ఇబ్బందిగా అనిపించే సంగతి. తనకు లాభం ఉండే చోటే అడుగుతాడు, తన వైపు పొరపాటు ఉండే చోట అడగడు. మొత్తం లెక్క సరిచూడాలన్న ఉద్దేశం అక్కడితో పోతుంది.

మన సంగతికొస్తే లెక్క ఇంకా కఠినం. ఒక అసెంబ్లీ సెగ్మెంటులో 240 పోలింగ్ కేంద్రాలుంటే 5 శాతం అంటే 12 సెట్లు. ఎంపీ స్థానం కింద ఏడు సెగ్మెంట్లు, అంటే 84 సెట్లు. పాత రేటున 39,64,800 రూపాయలు. పెద్ద పార్టీ అభ్యర్థి సర్దుకుంటాడు. మూడో స్థానంలో వచ్చిన స్వతంత్ర అభ్యర్థి, ఊళ్లో చందాలతో నిలబడిన బడి పంతులుగారో కౌలు రైతో ఏం చేస్తాడు? తీర్పు మూడో స్థానం వాళ్లకూ హక్కు ఇచ్చింది, రేటు వాళ్ల దగ్గర ఆ హక్కును లాక్కుంది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే 40,000 ఎక్కువ, తగ్గించమని చెప్పింది. తర్వాత మాక్ పోల్ వద్దనుకునేవాళ్లకు కమిషన్ ఖర్చును సుమారు సగానికి దించింది. మంచిదే, సరిపోదు. ఇంకో మాట, ఈవీఎంలు తయారుచేసేవి రెండే కంపెనీలు, బెంగళూరులోని బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, రెండూ ప్రభుత్వ రంగానివే, పరీక్షించే ఇంజనీర్లు కూడా వాళ్లే. ప్రభుత్వ కంపెనీ తను చేసిన మిషన్‌ను తనే పరీక్షిస్తున్నప్పుడు ఆ పని మీద పౌరుడి నుంచి 18 శాతం పన్ను తీసుకోవడం నాకు ఏ కోణంలో చూసినా తప్పుగానే కనిపిస్తుంది.

ఎప్పుడు అడిగినా ప్రభుత్వమే భరించాలి అంటే

బ్రిటన్‌లో ఇదే పద్ధతి. అభ్యర్థి గానీ ఏజెంటు గానీ అక్కడికక్కడే మళ్లీ లెక్కపెట్టమంటారు, ఫీజు ఉండదు, కోరిక అసమంజసం అనిపిస్తే అధికారి ఒప్పుకోడు. మన 63వ నియమం కూడా ఆ దారిదే. ఇది నడవడానికి కారణం ఒకటే, సిబ్బంది అక్కడే ఉన్నారు, మిషన్లు టేబుల్ మీదే ఉన్నాయి, ఏజెంట్లు కూర్చునే ఉన్నారు, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌లో రిజల్ట్ బటన్ మళ్లీ నొక్కి చూపడానికి నిమిషాలు చాలు. అదే పని వారం తర్వాత చేయాలంటే స్ట్రాంగ్ రూమ్ తెరవాలి, అందరికీ నోటీసులు ఇవ్వాలి, పోలీసు బందోబస్తు పెట్టాలి. కాబట్టి లెక్కింపు హాలులో జరిగేదానికి ఎవరి దగ్గరా పైసా తీసుకోకూడదన్నది నాకు సందేహం లేని విషయం.

లోపం ఎక్కడంటే, డబ్బు అడ్డం లేకపోయినా తలుపు దగ్గర ఒక మనిషి ఉన్నాడు. ఆర్వో ఒప్పుకుంటే జరుగుతుంది, లేదంటే లేదు. ఒక నియోజకవర్గంలో 300 ఓట్ల తేడాకు ఒప్పుకున్నారు, పక్కదానిలో 200కు ఒప్పుకోలేదు అంటే ఇద్దరు అధికారులూ నిజాయితీపరులే అయినా ఓడినవాడు నమ్మడు. బయట వేలమంది కార్యకర్తలు, లోపల రెండు వర్గాల టెన్షన్, పై నుంచి ఫోన్లు. ఆ ఒత్తిడిలో ఒక్క అధికారి మీద అంత భారం పెట్టడం ఆయనకు కూడా అన్యాయమే.

తేడా తక్కువైతే ప్రభుత్వం, ఎక్కువైతే అడిగినవాడు

నాకు మనసు మొగ్గేది ఇటే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటి గీత ఉంది. ఫ్లోరిడాలో తేడా అర శాతం లోపు ఉంటే ఎవరూ అడగకపోయినా మళ్లీ లెక్కపెడతారు, 2000లో బుష్, గోర్ మధ్య చివరికి మిగిలిన తేడా 537 ఓట్లు. పెన్సిల్వేనియాలోనూ రాష్ట్రవ్యాప్త పోటీలకు అర శాతమే, 2024 సెనేట్ ఎన్నికలో రీకౌంటింగ్ అలాగే మొదలైంది, ఖర్చు పది లక్షల డాలర్లు దాటుతుందన్నారు, మధ్యలోనే బాబ్ కేసీ ఓటమి ఒప్పుకోవడంతో ఆపేశారు. కెనడాలో తేడా మొత్తం ఓట్లలో వెయ్యో వంతు కంటే తక్కువైతే జడ్జి సమక్షంలో మళ్లీ లెక్కపెట్టాల్సిందే, 2025లో టెర్బాన్ స్థానంలో అలా లెక్కపెడితే ఫలితం తిరగబడి ఒక్క ఓటు తేడా వచ్చింది.

మన దగ్గర అలాంటివి రావా అంటే, లోక్‌సభ చరిత్రలో అతి తక్కువ మెజారిటీ మన తెలుగు నేలదే. 1989లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు. 1998లో అప్పటి బిహార్‌లోని రాజ్‌మహల్‌లో సోమ్ మరాండీ కూడా సరిగ్గా 9 ఓట్లతోనే గెలిచారు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు మెజారిటీ 25. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో 2008లో సీపీ జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. లక్ష, లక్షన్నర ఓట్లు పోలైన చోట 25 ఓట్ల తేడా అంటే ఒక టేబుల్ దగ్గర ఒక అంకె తప్పు రాసినా ఫలితం మారే పరిస్థితి. అలాంటి చోట మళ్లీ లెక్కపెట్టడం ఓడినవాడి మీద దయ కాదు, గెలిచినవాడికీ అది మేలే, ఐదేళ్లపాటు ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఈ ఆలోచన మన వ్యవస్థకు కొత్తదని అనుకుంటారు చాలామంది. కాదు. కమిషన్ సూచనల్లో ఇప్పటికే రెండు చోట్ల ఉంది. గెలిచిన మెజారిటీ కంటే చెల్లనివిగా పక్కన పెట్టిన పోస్టల్ బ్యాలెట్ల సంఖ్య ఎక్కువైతే, ఫలితం ప్రకటించే ముందు వాటన్నిటినీ ఆర్వో మళ్లీ చూడాలి. అలాగే లెక్కింపులో ఫలితం చూపించని మిషన్లు పక్కన పెడతారు, మెజారిటీ ఆ కేంద్రాల్లో పోలైన ఓట్లకు సమానంగానో తక్కువగానో ఉంటే వాటి వీవీప్యాట్ స్లిప్పులు లెక్కపెడతారు. రెండు చోట్లా ఎవరూ దరఖాస్తు పెట్టక్కర్లేదు, ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు, తేడా చిన్నదైతే చాలు. ఉన్న సూత్రాన్నే మొత్తం లెక్కకు వర్తింపజేయమని అడుగుతున్నాం, అంతే.

అంత ఖర్చు ఎక్కడిది అంటారేమో. 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు, చంద్రబాబు, మిగతా ప్రతిపక్ష నాయకులు వేసిన పిటిషన్ మీద, ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు ఒకటి కాకుండా ఐదు వీవీప్యాట్లు లెక్కపెట్టమంది. ఒక్క ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఓట్లకే 175 స్థానాల్లో అవి 875 అవుతాయి, దేశమంతా చూస్తే 2019లో 20,625. 20 ఓట్లతో గెలిచిన చోటా ఐదే, 80,000తో గెలిచిన చోటా ఐదే, బిల్లు ఎవరికీ వేయలేదు. ఆ 875తో పోలిస్తే, నువ్వా నేనా అన్నట్టు నడిచిన ఒక్క నియోజకవర్గంలో 240 బూత్‌ల స్లిప్పులూ లెక్కపెట్టడం నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ. గంటకు ఒక వీవీప్యాట్ చొప్పున 14 టేబుళ్ల మీద లెక్కపెట్టినా 18 గంటల్లోపు పని. ఒక రాష్ట్రంలో అలాంటి స్థానాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. అసెంబ్లీ ఎన్నికల ఖర్చు రాష్ట్రానిది, లోక్‌సభది కేంద్రానిది, రెండూ కలిపి జరిగితే చెరి సగం అన్న లెక్క ఎలాగూ ఉంది, దీన్ని కూడా అందులోనే కలిపేయొచ్చు.

గీత ఎక్కడ గీయాలన్నది వాదించుకోదగ్గ విషయమే. నా లెక్కలో అర శాతం. 1,60,000 ఓట్లు పోలైతే 800 ఓట్ల లోపు. సర్పంచ్ ఎన్నికల్లో శాతం లెక్క కుదరదు, 900 ఓట్ల ఊళ్లో అర శాతం అంటే నాలుగైదు ఓట్లే, అక్కడ పది ఓట్లో పాతిక ఓట్లో అని సంఖ్యే పెట్టాలి.

డబ్బు కట్టించుకుని తప్పు తేలితే తిరిగివ్వడం

గీత దాటిన చోట ఇది పనికొస్తుంది. 2004లో వాషింగ్టన్ రాష్ట్ర గవర్నర్ ఎన్నిక దీనికి మంచి ఉదాహరణ. మొదటి లెక్కలో డినో రోసీ 261 ఓట్లతో ముందున్నారు. మిషన్ మీద మళ్లీ లెక్కపెడితే అది 42కు పడిపోయింది. అప్పుడు డెమొక్రటిక్ పార్టీ 7,30,000 డాలర్లు కట్టి చేత్తో లెక్కపెట్టమంది, క్రిస్టీన్ గ్రెగ్వార్ 129 ఓట్లతో గెలిచారు. ఫలితం మారితే ఖర్చు ప్రభుత్వానిదే అని అక్కడి చట్టం. ఆ పార్టీ దగ్గర డబ్బు లేకపోయి ఉంటే ఓడిన మనిషి గవర్నర్ అయ్యేవారన్నది కూడా ఇదే కథలో ఉంది, అది మర్చిపోవద్దు.

డబ్బు తిరిగిచ్చే పద్ధతిలో ప్రాణమంతా ఆ షరతులో ఉంటుంది, రేటులో కాదు. మనవాళ్లు పెట్టిన షరతు: మిషన్‌ను తారుమారు చేశారని తేలాలి. ఎన్నికల్లో నిజంగా జరిగే తప్పులు ఎక్కువగా అలాంటివి కావు. అలసిపోయిన ప్రిసైడింగ్ అధికారి, బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసే ఫారం-17సిలో అంకె తప్పు రాస్తాడు, ఒక టేబుల్ దగ్గర ఇద్దరి ఓట్లు అటూ ఇటూ పడతాయి. హర్యానాలో పానిపట్ జిల్లా బువానా లాఖు గ్రామంలో 2022 నవంబర్‌లో సర్పంచ్ ఎన్నిక జరిగింది, ఒక బూత్‌లో ఇద్దరి ఓట్లు తారుమారుగా నమోదయ్యాయన్నది వివాదం. కింది నుంచి పైదాకా తిరిగి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈవీఎంలను తన దగ్గరికే తెప్పించి రిజిస్ట్రార్ చేత లెక్కపెట్టిస్తే, ఓడిపోయాడన్న మనిషికి 1,051, గెలిచాడన్న మనిషికి 1,000. దాదాపు మూడేళ్లు ఆ ఊరికి వేరే మనిషి సర్పంచ్‌గా ఉన్నాడు. అక్కడ మిషన్ తప్పేమీ లేదు, మిషన్‌లో ఉన్న లెక్కే చివరికి నిజం తేల్చింది. ఈవీఎం తనిఖీకి పెట్టిన షరతునే అక్కడ పెడితే, న్యాయం గెలిచిన ఆ అభ్యర్థికి ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు.

క్రికెట్‌లో డీఆర్‌ఎస్ తీసుకున్నప్పుడు అంపైర్ తప్పని తేలితేనే కాదు, అంపైర్స్ కాల్ అని వచ్చినా రివ్యూ పోదు కదా, అడగడం న్యాయమైన చోట అడిగినవాడికి నష్టం లేకుండా చూశారు. ఇక్కడా అలాగే ఉండాలి. ఏ కారణంతోనైనా లెక్కలో తేడా తేలితే మొత్తం తిరిగివ్వాలి, ఫలితం మారకపోయినా సరే. ఏ తేడా లేకపోతే ఆ డబ్బు ఉంచేసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. రేటు మాత్రం ఎమ్మెల్యే డిపాజిట్ కంటే దాటకూడదు.

ఇంకో రెండు సలహాలు తరచూ వినిపిస్తాయి. పార్టీ కట్టాలి అంటారు, స్వతంత్రులకు పార్టీ లేదు కాబట్టి అది అక్కడితో ఆగిపోతుంది. తప్పు చేసిన అధికారి జీతంలోంచి కోయాలి అనే మాటకు చప్పట్లు బాగా పడతాయి, కానీ ఎలక్షన్ డ్యూటీ చేసేది మన బడుల్లో టీచర్లు, ఆఫీసుల్లో గుమాస్తాలు, రెండు రోజులు నిద్ర లేకుండా పనిచేసేవాళ్లు. పొరపాటు ఒప్పుకుంటే జీతం పోతుందంటే పొరపాటు బయటికే రాదు. కావాలని చేసినవాడిని శిక్షించడానికి వేరే చట్టాలున్నాయి.

ఇప్పుడున్న రూల్స్‌లో మీరేం ఎంచుకోవాలి

పైన చెప్పినవి మారేదాకా ఆగలేం కాబట్టి, మీరు అభ్యర్థో ఏజెంటో అయితే ఉన్నవాటిలో ఏది ఎప్పుడు అన్నది చూద్దాం.

తేడా తక్కువగా ఉంటే మొదట ఆశ పెట్టుకోవాల్సింది ఫీజు లేని దారి మీదే, అది హాలులోనే, కొద్ది నిమిషాలే తెరిచి ఉంటుంది. తుది ఫలితాల పట్టిక అయిన ఫారం-20 మీద ఆర్వో సంతకం పెట్టేస్తే రీకౌంటింగ్ దరఖాస్తు తీసుకోరు. అందుకే చివరి రెండు మూడు రౌండ్ల ముందే కాగితం రాసి దగ్గర పెట్టుకోవాలి. 'మాకు అనుమానంగా ఉంది, మళ్లీ లెక్కపెట్టండి' అని రాస్తే తోసిపుచ్చుతారు, తోసిపుచ్చడం సబబే కూడా. ఏ రౌండ్, ఏ టేబుల్, ఏ పోలింగ్ కేంద్రం, ఫారం-17సిలో ఎంత ఉంది, మిషన్ ఎంత చూపింది, అలా రాయాలి. పోలింగ్ రోజు సాయంత్రం ప్రతి బూత్‌లో ఏజెంటుకు 17సి కాపీ ఇవ్వాలి, దాన్ని తీసుకోకుండా ఇంటికెళ్లిపోయే ఏజెంట్లు చాలామంది ఉంటారు, తర్వాత లక్షలు పెట్టినా ఆ కాగితం విలువ రాదు. అంకెల్లో తేడా ఫలానా బూత్‌లో కనిపిస్తే 56డి కింద ఆ బూత్‌ల స్లిప్పులు అడగండి, అన్నీ అడిగితే ఏదీ రాని ప్రమాదం ఉంది.

డబ్బు కట్టే ఈవీఎం తనిఖీ ఎవరికి? ఓట్ల లెక్క మీద కాక మిషన్ మీదే నిజంగా అనుమానం ఉన్నవాళ్లకు, రెండో మూడో స్థానంలో వచ్చినవాళ్లకు, ఏడు రోజుల్లోపు. ఫలితం మారుతుందన్న ఆశతో అయితే ఆ డబ్బు పెట్టొద్దని నా సలహా. పెట్టదలిస్తే 5 శాతమూ అడగక్కర్లేదు, గజపతినగరంలో ఒక్క కేంద్రానికే అడిగారు. పోలింగ్ కేంద్రం నంబరుతో గానీ మిషన్ సీరియల్ నంబరుతో గానీ మీరే ఎంచుకోవచ్చు కాబట్టి, మీ బలమైన బూత్‌లలో ఓట్లు విపరీతంగా పడిపోయిన రెండు మూడు ఎంచుకోండి, మాక్ పోల్ లేని చౌక తనిఖీ సరిపోతుందేమో ఆలోచించండి.

ఎలక్షన్ పిటిషన్ 45 రోజుల్లోపు వేయాలి. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉన్నా నడక వేరు. 2018లో ధర్మపురిలో 441 ఓట్ల తేడాతో ఓడిపోయిన అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ హైకోర్టుకు వెళితే, 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్ రూమ్ తెరవబోయేసరికి తాళంచెవులు కనిపించలేదు. అప్పటికి అసెంబ్లీ గడువు నెలల్లోకి వచ్చేసింది. అయినా ఈ దారి వదలకూడని సందర్భం ఒకటుంది: హాలులో మీరు రాతపూర్వకంగా అడిగారు, ఆర్వో తోసిపుచ్చారు, మీ చేతిలో 17సి కాపీలున్నాయి, తేడా కొద్దిది. గాలివాటుగా అనుమానం ఉందంటే కోర్టులు ఓట్లు మళ్లీ లెక్కపెట్టించవు, ఓటు రహస్యం కాపాడాలి కాబట్టి నిర్దిష్టమైన ఆధారం అడుగుతాయి. ఆ ఆధారం ఫీజు లేని మొదటి దారిలోనే తయారవుతుంది. హాలులో కాగితం పెట్టని మనిషికి కోర్టులో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

తక్కువ తేడాకు తప్పనిసరిగా, ఖర్చు లేకుండా మళ్లీ లెక్కపెట్టే నియమం లోక్‌సభ, అసెంబ్లీలకు రావాలంటే ఢిల్లీలో కదలాలి, సమయం పడుతుంది. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు మాత్రం రాష్ట్ర ఎన్నికల సంఘాల చేతిలో, రాష్ట్ర ప్రభుత్వాలు చేసే నియమాల కింద ఉంటాయి. అమరావతి, హైదరాబాద్ తలుచుకుంటే వచ్చే సర్పంచ్ ఎన్నికల నాటికే పది ఓట్ల లోపు తేడా వచ్చిన ప్రతి ఊళ్లో అడగకుండానే రెండోసారి లెక్కపెట్టమని ఒక నియమం పెట్టొచ్చు, ఆ రాత్రి బ్యాలెట్ పేపర్లు బల్ల మీదే ఉంటాయి, అదనంగా అయ్యేది ఇంకో గంట పని.